ఆంటీ ఇల్లు

జెద్దాలో షరఫియా బజారు వెనక సందులో, లిఫ్టు లేని పాత బిల్డింగులో, రెండో అంతస్తులో లీలక్క ఉండేది. ఆ ఇంటికి పిల్లలు పెట్టుకున్న పేరు ఆంటీ ఇల్లు. తెలుగు పిల్లలూ మలయాళీ పిల్లలూ ఫిలిప్పీన్స్ పిల్లా అందరూ అదే పేరుతో పిలిచేవాళ్ళు. వాళ్ళ తల్లులు హాస్పిటల్లో నర్సులు. ఆ తల్లుల్ని డ్యూటీకి, ఆ పిల్లల్ని లీలక్క దగ్గరికి చేర్చే వ్యాను నాది.

నాది అనడం అబద్ధమే. వ్యాను నా కఫీల్ పేరు మీద, అంటే నాకు వీసా ఇచ్చిన సౌదీ ఆయన పేరు మీద ఉంది. నేనూ ఆయన పేరు మీదే ఉన్నాను. కాగితాల ప్రకారం నేను ఆయన ఇంటి డ్రైవర్ని. నిజానికి ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్ ఇకామాను రెన్యువల్ చేయించుకునేటప్పుడు తప్ప ఆ మనిషి మొహం చూసేవాణ్ణి కాదు. ఆయనకు కట్టవలసింది కట్టేసి, మిగతా రోజులు నాకు దొరికిన పని నేను చేసుకోవాలి. దీన్ని మావాళ్ళు ఆజాద్ వీసా అంటారు. జగిత్యాలలో ఏజెంటు ఆ మాట చెప్పినప్పుడు నా కళ్ళు మెరిశాయి. పై అధికారి ఉండడు, సైరన్ ఉండదు, పని చేయాలనిపిస్తే చేస్తాం, లేదంటే పడుకుంటాం అనుకున్నాను. వచ్చాక చూస్తే, పడుకున్న ఆజాద్ మనిషిని నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. కంపెనీ వాడికి శుక్రవారం ఉంటుంది. మాకు అదీ లేదు.

లీలక్క కూడా మాలాగే ఆజాద్ అయింది. అయితే ఆమె పని తప్పించుకుందామని కాలేదు. తన కూతురు తనను అమ్మా అని పిలవాలని అయింది. ఆ ఒక్క కోరికకు ఆ ఇల్లు ఏం చేసిందో దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

లీలక్కది పాలకొల్లు పక్కన పల్లె. నర్సింగు చదివి, పెళ్ళయ్యాక జెద్దాలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో చేరింది. భర్త థామస్ ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. ఫామిలీని పెట్టుకునే ఇకామా ఆయనకు ఉంది. మా రూముల్లో ఉండే వాళ్ళలో అలాంటి అదృష్టం ఎవరికీ లేదు. లీలక్క చాలా ఏళ్ళు ప్రసూతి వార్డులో చేసింది. తన కూతురు కెజియా కూడా అదే వార్డులో పుట్టింది.

ఆ నర్సుల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ అందరూ పాటించేవాళ్ళు. బిడ్డ పుట్టాక సెలవు అయిపోయేలోపు, ఊరికి సెలవు మీద ఎవరు వెళ్తుంటే వాళ్ళ చేతికి బిడ్డను ఇచ్చి పంపేయడం. పాల సీసా, డబ్బా పాలు, పౌడరు, రెండు జతల బట్టలు ఒక సంచిలో పెట్టి, ఎయిర్‌పోర్టులో ముద్దు పెట్టుకుని, మర్నాడు పొద్దున డ్యూటీలో ఉండేవాళ్ళు. బాపట్ల వైపు నుంచి వచ్చిన రూబీ తన పెద్ద కూతురిని అలాగే పంపింది. రెండేళ్ళ తర్వాత సెలవు మీద వెళ్తే ఆ పిల్ల అమ్మమ్మ చీర చాటున దాక్కుని, “ఫోన్‌లో ఉండే అమ్మ ఈవిడేనా?” అని అడిగిందట. ఈ సంగతి రూబీ వ్యానులో నవ్వుతూనే చెప్పింది. వెనక సీట్లో వాళ్ళెవరూ నవ్వలేదు. లీలక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అప్పుడు ఆమె కడుపుతో ఉంది.

కెజియా పుట్టాక లీలక్క రాజీనామా ఇచ్చింది. హాస్పిటల్లో అందరూ ఆమెకు పిచ్చి పట్టిందన్నారు. థామస్ బావ కూడా మొదట ఒప్పుకోలేదు.

“ఈ ఉద్యోగం కోసం ఇళ్ళల్లో ఉపవాస ప్రార్థనలు చేస్తుంటే, నువ్వు చేతులారా వదిలేస్తానంటావేంటి లీలా?” అన్నాడట.

“ఉద్యోగం మళ్ళీ దొరుకుద్దండి. దీనికి పళ్ళు మొలిచే రోజులు మళ్ళీ దొరుకుతాయా?” అందట ఆమె.

ఆ మాట మీద ఆయన తగ్గాడు. ఆయన మంచివాడే. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఉంటే నాకు రాయడం సుళువయ్యేది, తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఏడాది దాటకుండానే రూబీకి రెండో బిడ్డ పుట్టాడు. మార్కు అని పేరు పెట్టింది. వాడిని పంపేయాల్సిన రోజులు దగ్గర పడుతుంటే ఒక సాయంత్రం లీలక్క ఇంటికి వచ్చి సోఫా అంచున కూర్చుని అడిగింది.

“మావాణ్ణి కూడా చూస్తావా అక్కా? నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా.”

నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా. సొంతంగా పని చేసుకునే వాళ్ళందరి మెడకూ పడే తాడు ఇదే. లీలక్కకు అది తాడులా కనపడలేదు, దేవుడు చూపించిన దారిలా కనపడింది. తన బిడ్డతో పాటు ఇంకో బిడ్డ. ఇంట్లో నాలుగు రియాళ్ళు. పైగా తల్లి దగ్గర నుంచి ఒక బిడ్డను విడదీయకుండా ఆపిన తృప్తి. “నా ఇల్లు, నా టైము, నా బిడ్డ నా కళ్ళ ముందు. ఇంతకంటే ఏం కావాలి తమ్ముడూ?” అని నాతో అంది. మార్కు వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు వచ్చారు. భర్త పేరు మీద ఉన్న ఇకామాతో పని చేయకూడదు కాబట్టి బోర్డు లేదు, పేరు లేదు. బిల్డింగుకు హారిస్‌గా, అంటే వాచ్‌మన్‌గా ఉన్న యెమెన్ ముసలాయన మాత్రం పిల్లలు మెట్లు ఎక్కుతుంటే లెక్కపెట్టి, “మాషా అల్లా, మీ అక్కకు ఎన్ని కవలలు!” అని నన్ను ఆటపట్టించేవాడు.

మొదటి ఏడాది ఆ ఇల్లు చూడముచ్చటగా ఉండేది. పొద్దున నేను నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని మెట్లెక్కేవాణ్ణి. లీలక్క చంకలో కెజియాతోనే తలుపు తీసేది. గుమ్మం దగ్గరే నాకు టీ ఇచ్చేది. మధ్యాహ్నం అందరినీ కార్పెట్ మీద వరసగా పడుకోబెట్టి ఫ్యాను గాలి అందరికీ తగులుతోందా లేదా అని వంగి చూసేది. ఫిలిప్పీన్స్ పిల్లకు పప్పన్నం అలవాటై, వాళ్ళమ్మ దగ్గర “పప్పు, పప్పు” అని ఏడిస్తే, ఆవిడ అదేం జబ్బోనని హడలిపోయి ఫోన్ చేసింది. లీలక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె అంతగా నవ్వడం మళ్ళీ నేను చూడలేదు.

ఆ తల్లులు సాయంత్రం వచ్చేటప్పుడు చూడాలి. డ్యూటీ దిగగానే వ్యానెక్కేవాళ్ళు. బయట అందరూ నల్ల అబాయాల్లోనే ఉండేవాళ్ళు, ఎవరు ఎవరో కూడా తెలిసేది కాదు. లీలక్క ఇంట్లో అడుగు పెట్టి అబాయా గుండీలు విప్పుతుంటే లోపలి తెల్ల యూనిఫాం బయటపడేది. అప్పుడు పిల్లలు “అమ్మా” అని ఒక్కసారిగా ఎగబడేవాళ్ళు. పగలంతా హాయిగా ఆడుకున్న వాళ్ళు కూడా ఆ తెలుపు కనపడగానే ఏడుపు అందుకునేవాళ్ళు. కెజియా తల్లి కొంగు పట్టుకుని దాన్నంతా వింతగా చూసేది.

గొడవ మార్కుతో మొదలైంది. ఒక సాయంత్రం రూబీ అబాయా విప్పి చేతులు చాపింది. మార్కు ఆమెను చూసి నవ్వాడు, కానీ లీలక్క మెడ వదల్లేదు. లీలక్క వాణ్ణి రూబీ చేతుల్లో పెట్టబోతే లీలక్క జాకెట్టే పట్టుకుని “అమ్మా, అమ్మా” అని గీపెట్టాడు. వాడి తప్పేం లేదు. పొద్దుట్నుంచి కెజియా లీలక్కను ఏమని పిలిస్తే వాడూ అదే పిలుస్తున్నాడు. మాటలు పిల్లలు అలాగే నేర్చుకుంటారు.

రూబీ వాణ్ణి ఎత్తుకుని కిందికి దిగింది. వ్యానులో కూర్చున్నాక మార్కు తల మీద గడ్డం ఆనించి ఏడ్చింది.

“ఏడ్వకక్కా. పసిపోరడు, వానికేం ఎరుక?” అన్నాను.

“వాడికి ఎరుకే భూమేషూ. నాకే ఎరుక లేదు,” అంది. “వీణ్ణి కూడా ఊరికి పంపించేస్తాను. నన్ను అమ్మా అననప్పుడు వాడు ఇక్కడుంటే ఏంటి, అక్కడుంటే ఏంటి?”

ఆ మాట నేను లీలక్కకు చెప్పాను. చెప్పకపోయినా రూబీయే చెప్పేది. లీలక్క మొహం పాలిపోయింది. ఏ దూరాన్ని తప్పిద్దామని ఆమె ఈ పని మొదలుపెట్టిందో, ఆ దూరం తన ఇంట్లోనే పుడుతోంది. మర్నాడు నేను పిల్లల్ని దింపేసరికి ఆమె కెజియా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కెజియాకు అప్పుడు రెండు దాటాయి. మాటలు బాగా వచ్చు.

“అమ్మలూ, చూడు. వీళ్ళందరి అమ్మలూ డ్యూటీకి వెళ్ళారు కదా? నువ్వు నన్ను అమ్మా అని పిలిస్తే వాళ్ళకి వాళ్ళమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తది. అందుకని పిల్లలున్నంతసేపు నేను అందరికీ ఆంటీని. నీకూ ఆంటీనే. వాళ్ళు వెళ్ళిపోయాక నీకు అమ్మని. సరేనా?”

కెజియా ఆలోచించింది. తల్లి బుగ్గ మీద వేలు పెట్టి “ఆంటీ” అని పకపకా నవ్వింది. లీలక్క నవ్వింది. టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ నేనూ నవ్వాను. ఎంత తెలివైన ఉపాయం అనుకున్నాను.

ఉపాయం పనిచేసింది. కొద్ది వారాల్లో మార్కు రూబీని అమ్మా అన్నాడు. రూబీ లీలక్కకు చేతులు జోడించి దణ్ణం పెట్టింది. మిగతా తల్లులకూ ఈ సంగతి తెలిసి, లీలక్క అంటే గౌరవం పెరిగింది. కన్నబిడ్డ చేత ఆంటీ అనిపించుకునే మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఇంకా ఇద్దరు పిల్లలు చేరారు.

ఒక్కటి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. “పిల్లలు వెళ్ళిపోయాక” అనే గంట ఆ ఇంటికి రాలేదు. హాస్పిటల్ గేటుకు తాళం ఉండదు. పగలు డ్యూటీ దిగిన వాళ్ళు బిడ్డల్ని తీసుకుపోయేసరికి రాత్రి డ్యూటీ వాళ్ళ బిడ్డలు మెట్లెక్కేవాళ్ళు. తెల్లవారాక వాళ్ళు వెళ్ళేలోపు పగటి పిల్లలు. ఇంట్లో పరాయి బిడ్డ ఒక్కడున్నా కెజియాకు తల్లి ఆంటీయే. ఒడి కూడా అంతే. ఏడ్చేవాళ్ళకు ఒడి. కెజియా ఏడ్చేది కాదు, అందుకని తన వంతు వచ్చేది కాదు. “మా కెజియా చాలా బుద్ధిమంతురాలు తమ్ముడూ, అసలు మారాం చేయదు,” అని లీలక్క గొప్పగా చెప్పుకునేది.

జెద్దాకు దూరంగా రాబిగ్‌లో పెద్ద పెట్రోకెమికల్ పని మొదలైన ఏడు థామస్ బావ అక్కడికి వెళ్ళాడు. వారమంతా క్యాంపులో ఉండి, గురు శుక్రవారాల సెలవుకు బుధవారం సాయంత్రం వచ్చేవాడు. ఒకసారి నేను పిల్లల సంచులు పైకి తెస్తుంటే ఆయన పుచ్చకాయ పట్టుకుని పడగ్గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“లీలా, ఇది ఇల్లా, వార్డా? నా మంచం మీద పడుకున్న ఈ పెద్దమనిషి ఎవరు?”

“ఫిలిప్పీన్స్ నుంచి వచ్చారండి. మెల్లగా మాట్లాడండి, ఇప్పుడే నిద్రపోయారు.”

“మరి నేనెక్కడ పడుకోను? రాబిగ్ క్యాంపులో నాకు మంచమన్నా ఉంది.”

“మీరు పెద్దోళ్ళు కదండీ, సర్దుకోండి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు కెజియా పరుగున వచ్చి తండ్రి కాళ్ళు చుట్టేసి “నాన్నా, ఆంటీ పుచ్చకాయ కోస్తదా?” అంది.

థామస్ బావ నవ్వు ఆగింది. “అదేంటే? నన్ను నాన్నా అంటావు, అమ్మని ఆంటీ అంటావా?”

“పిల్లలున్నారుగా,” అంది కెజియా, ఆమాత్రం తెలియదా అన్నట్టు.

ఆయన పుచ్చకాయ కింద పెట్టి భార్య వైపు చూశాడు. “ఆపెయ్ లీలా. ఇంక చాల్లే.”

“ఈ వారం నుంచి శుక్రవారం సెలవు పెడతానండి. ఆ రోజు ఎవరినీ తీసుకోను. మనం ముగ్గురం సముద్రం ఒడ్డుకి, కార్నిష్‌కి వెళ్దాం.”

నిజంగానే చెప్పింది అందరికీ. ఆ గురువారం రూబీ ఫోన్ చేసింది. ఎవరో నర్సుకు బాగాలేదు, శుక్రవారం డ్యూటీ తన మీద పడింది. ఈ ఒక్కసారికి చూడమంది. ఆ తర్వాతి వారం మలయాళీ నర్సు. ఆ తర్వాత ఎవరో నాకు గుర్తులేదు. కాదంటే వాళ్ళేం చేస్తారో లీలక్కకు తెలుసు. బిడ్డను సంచీతో సహా ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తారు. కంపెనీలో పని చేసేవాడు సాయంత్రం రూముకొచ్చి ఫోర్‌మన్‌ని అమ్మానాన్నలతో సహా తిట్టి, ఆ కోపం దించుకుని పడుకుంటాడు. తన పని తాను చేసుకునే మనిషికి తిట్టడానికి ఎవరున్నారు? ఆ ఫోర్‌మన్ మన గుండెలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. జాలిగొలిపే గొంతుతో మాట్లాడతాడు. వాడికి ఎదురు చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం పిల్లల్నీ తల్లుల్నీ వ్యాను ఎక్కించుకుని బయల్దేరబోతుంటే, వెనక సీటు కింద కెజియా కనపడింది. భుజానికి చిన్న సంచీ. అందరితో పాటు మెట్లు దిగి వచ్చేసింది.

“నువ్వేడికి బిడ్డా?” అన్నాను.

“మా అమ్మ దగ్గరికి.”

“మీ అమ్మ పైనుంది గదా.”

“పైన ఆంటీ ఉంది. అమ్మ డ్యూటీకి వెళ్ళింది.”

వ్యానులో తల్లులందరూ నవ్వారు. రూబీ దాని బుగ్గ గిల్లి, “ఏ డ్యూటీయే నీ బొంద, డే నా నైటా?” అంది.

“నైట్,” అంది కెజియా. “పొద్దున్నే వస్తది.”

ఎత్తుకుని పైకి తీసుకెళ్ళి, ఇదో తమాషా అన్నట్టు లీలక్కకు చెప్పాను. ఆమె రాత్రి పిల్లలకు పాలు కలుపుతోంది. “దొంగ మొహమా, ఆటలా?” అని నవ్వింది. తర్వాత ఆ సీసాను అలాగే పట్టుకుని చాలాసేపు ఊపుతూ నిలబడింది. లోపల పాలు ఎప్పుడో కలిసిపోయాయి.

ఆ తర్వాత నేను గమనించాను. సాయంత్రం తలుపు తెరుచుకోగానే పిల్లలందరితో పాటు కెజియా కూడా వచ్చి నిలబడేది. ఒక్కొక్క అబాయా విప్పుకుంటుంటే తల ఎత్తి చూసేది. ఒక్కొక్క బిడ్డా ఒక్కొక్క తెల్ల బట్టల మనిషి భుజం ఎక్కేవాడు. చివరికి తలుపు మూసుకునేది. కెజియా ఏడవకుండా వెనక్కి తిరిగి బొమ్మల దగ్గరికి వెళ్ళేది. బుద్ధిమంతురాలు కదా.

జ్వరం చలికాలం చివర్లో వచ్చింది. పొద్దున నేను వెళ్ళేసరికి కెజియా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లీలక్క చెయ్యి పెట్టి చూసి మందు పట్టింది. నర్సు కాబట్టి ఏం చేయాలో అది చేసింది. మిగతా పిల్లలకు అంటుకోకుండా కెజియాను లోపలి గదిలో వేరుగా పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేసింది. పనులు తెమిలినప్పుడల్లా వెళ్ళి తడిగుడ్డ మార్చి వచ్చింది. మిగతా పిల్లల అన్నాలు, దొడ్డికి పోవడాలు, నిద్రలు ఉన్నాయి. మధ్యలో ఒకసారి తలుపు తోస్తే కెజియా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందిలే అనుకుంది. మళ్ళీ వెళ్ళేసరికి ఫిట్స్.

నాకు ఫోన్ వచ్చినప్పుడు నేను బజారులోనే ఉన్నాను. పరుగెత్తాను. పక్క ఫ్లాటు మలయాళీ ఆవిడకు పిల్లల్ని అప్పగించి, లీలక్క నైటీ మీదే అబాయా తగిలించుకుని చెప్పులు లేకుండా మెట్లు దిగింది. ఆమె పాత హాస్పిటల్‌కే తీసుకెళ్ళాం. ఎమర్జెన్సీలో ఆమెను గుర్తుపట్టి వెంటనే లోపలికి తీసుకున్నారు. సెలైన్ పెట్టారు. ఫిట్స్ ఆగాయి. పిల్లల వార్డులో మంచం ఇచ్చారు. నేను సంచీ పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాను.

సాయంత్రం అవుతుండగా కెజియా కళ్ళు తెరిచింది. లీలక్క వంగింది. అబాయా సందులోంచి కనపడే నైటీ మీద పప్పు మరకలు, జుట్టంతా రేగిపోయి ఉంది.

“అమ్మలూ, నేనేరా. అమ్మని.”

కెజియా ఆమెను చూసింది. గుర్తుపట్టింది. అందులో అనుమానం లేదు, గుర్తుపట్టే చెప్పింది.

“ఆంటీ… అమ్మ రాలేదా?”

“నేనే అమ్మనమ్మా. ఇక్కడ పిల్లలెవరూ లేరు. చూడు, ఎవరూ లేరు. అమ్మా అని పిలు.”

అప్పుడే మందు వేయడానికి రూబీ లోపలికి వచ్చింది. ఆ వార్డులో ఆ రోజు ఆమెదే డ్యూటీ. తెల్లటి యూనిఫాం. కెజియా తల తిప్పి చూసింది. సూది గుచ్చిన చెయ్యీ, ఖాళీ చెయ్యీ రెండూ పైకి లేచాయి.

“అమ్మా,” అంది. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది. “అమ్మా, ఎత్తుకో.”

రూబీ భయపడి వెనక్కి జరిగింది. “నేను కాదు తల్లీ. అమ్మ అదిగో, పక్కనే ఉంది చూడు.”

కెజియా వినలేదు. మంచం మీద నుంచి జారిపోతూ రూబీ జేబు పట్టుకుని లాగింది. సెలైన్ గొట్టం బిగిసింది. రూబీ లీలక్క వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

“ఎత్తుకో రూబీ,” అంది లీలక్క. గొంతు వార్డులో నర్సు గొంతే. “ఏడిస్తే మళ్ళీ జ్వరం పెరుగుద్ది. ఎత్తుకో.”

రూబీ ఎత్తుకుంది. కెజియా ఆమె భుజం మీద తల పెట్టి, ఇంకెవరూ విడదీయకుండా మెడ చుట్టూ చెయ్యి వేసింది. లీలక్క లేచి, గొట్టం మెలిక పడకుండా సెలైన్ సీసాను చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడింది. పిల్ల నిద్రపోయేదాకా అలాగే నిలబడింది.

కెజియాకు నయమైంది. లీలక్క అందరికీ ఫోన్ చేసి ఇంక పిల్లల్ని తీసుకోనని చెప్పింది. ఈసారి ఎవరూ బతిమాలలేదు. మార్కును రూబీ ఊరికి పంపేసింది. హాస్పిటల్లో క్లీనింగ్ చేసే గురవమ్మ సెలవు మీద వెళ్తుంటే ఆమె చేతికి ఇచ్చింది. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. మార్కు గురవమ్మ చంకలోంచి రూబీని చూస్తూ “అమ్మా, అమ్మా” అని చక్కగా, స్పష్టంగా పిలిచాడు. లీలక్క కష్టపడి నేర్పిన మాటే.

ఆంటీ ఇల్లు మామూలు ఇల్లు అయింది. లీలక్క కోరుకున్న రోజు అప్పటికి వచ్చింది. ఆమె, ఆమె బిడ్డ, ఇద్దరే. కానీ ఆ బిడ్డకు ఆ ఇల్లు తెలియదు. పొద్దున లేచి “పిల్లలేరి?” అని అడిగేది. ఆమె “అమ్మా అను” అంటే, మందు మింగినట్టు ఒకసారి “అమ్మా” అనేసి, మళ్ళీ ఆంటీ అని పిలిచేది. సాయంత్రం కాగానే తలుపు దగ్గర నిలబడేది. కింద సందులో నా హారన్ వినపడితే గంతులేసేదట. “ఆ సందులో హారన్ కొట్టకు తమ్ముడూ,” అని లీలక్క అడిగింది. అప్పటినుంచి అటువైపు వెళ్ళడమే మానేశాను.

కొన్నాళ్ళకు థామస్ బావ నాకు ఫోన్ చేశాడు. లీలక్కకు ఒక క్లినిక్కులో ఉద్యోగం వచ్చిందని, ఇకామా కూడా వాళ్ళ పేరు మీదికి మార్చారని, పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తీసుకురావాలని చెప్పాడు.

“పాప?” అన్నాను.

“పక్క వీధిలో మలయాళీ ఆవిడ ఎవరో పిల్లల్ని చూస్తదంట. అక్కడ. నేనేం చెప్పలేదయ్యా. లీలే తనంతట తాను వెళ్తానంది. నన్ను అడగొద్దు, నేను చెప్పలేనండీ అంది.”

నేనూ అడగలేదు. మొదటి రోజు పొద్దున కెజియా మలయాళీ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏడవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. లీలక్కను క్లినిక్కులో దింపాను.

సాయంత్రం ఆమెతో పాటు నేనూ మలయాళీ ఆవిడ ఇంటి మెట్లెక్కాను. తలుపు తెరుచుకుంది. పిల్లలందరూ గుమ్మంలోకి వచ్చారు. వాళ్ళ మధ్య కెజియా తల ఎత్తి నిలబడి ఉంది. లీలక్క విప్పబోతే అబాయా పై గుండీ తొందరగా రాలేదు. చివరికి వచ్చింది. నల్లబట్ట పక్కకు తొలగింది.

“అమ్మా!”

మిగతా పిల్లల్ని తోసుకుంటూ కెజియా వచ్చి ఆ తెల్లటి బట్టల్లో మొహం దాచుకుంది. అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉంది, ఆగలేదు. ఎవరూ నేర్పకుండా, ఎవరూ అడగకుండా పిలిచింది. లీలక్క మెట్ల మీదే కూలబడి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. మలయాళీ ఆవిడ “మొదటి రోజు కదా, అలాగే ఉంటుంది” అంది హిందీలో.

వ్యానులో కెజియా తల్లి ఒళ్ళోనే నిద్రపోయింది. షరఫియా సిగ్నల్ దగ్గర బండి ఆగింది. వెనక నుంచి లీలక్క గొంతు వినపడింది. పొద్దున దింపేటప్పుడు ఆ మలయాళీ ఆవిడ నాతో కాసేపు మాట్లాడిందని, మధ్యాహ్నం ఇంకో బిడ్డను తేవడానికి అక్కడికి వెళ్ళానని లీలక్కకు తెలుసు.

“తమ్ముడూ, పగలంతా ఏం చేసిందంట? అన్నం తిందంటా?”

నాకు తెలియదు. నేను అడగలేదు. మధ్యాహ్నం వెళ్ళినప్పుడు తలుపు సందులోంచి చూస్తే కెజియా ఒక మూల బొమ్మతో కూర్చుని ఉంది. ఆ బొమ్మకు ఏదో చెబుతోంది, వినపడలేదు.

“తిన్నదక్కా,” అన్నాను. “మంచిగనే ఆడుకున్నదంట.”